ట్రూనాట్

కొవిడ్ వార్తల్లో వినిపించిన ట్రూనాట్, ముక్కు, గొంతు నమూనాలో వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష. నమూనా నుంచి తీసిన ద్రావణాన్ని చిప్పు మీది చిన్న గుంటలో చుక్కంత వేస్తారు. 2020లో మొదట ‘ఇ’ జన్యువును వెతికేవారు. దొరికితే మరో జన్యువుతో నిర్ధారించేవారు. గోవా సంస్థ మోల్‌బయో క్షయ కోసం చేసిన ట్రూనాట్ యంత్రాన్ని కొవిడ్‌కు వాడేందుకు 2020లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అనుమతించింది. బ్యాటరీతోనూ నడుస్తుంది, దాదాపు గంటలో ఫలితం. ఆళ్లగడ్డ, నంద్యాల లాంటి ఊళ్లకు అసలు లాభం అదే: ప్రతి నమూనానూ దూరాన ఉన్న పెద్ద ల్యాబుకు పంపక్కర్లేదు. కాకపోతే ఒక్క విడతకు కొన్ని నమూనాలే, తిరునాళ్లంత జనం వస్తే చాలదు.

మరో కొవిడ్ పరీక్ష ర్యాపిడ్ యాంటిజెన్ అరగంటలోపే తేలుతుంది. కానీ దగ్గు, జ్వరం ఉండీ అందులో నెగెటివ్ వస్తే ల్యాబులో చేసే ఆర్టీపీసీఆరో, ట్రూనాటో చేయించాలి. లక్షణాలుంటే ఆగొద్దు. లక్షణాలు లేకుంటే, సోకినవాళ్లను కలిసిన మర్నాడే పరుగెత్తితే వైరస్ దొరక్కపోవచ్చు, అయిదు రోజులాగడం మేలు.