రెండడుగుల మేర

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లే కొనుక్కుంటే ఆ బాధ వుండదు గదా అనుకున్నాను నేను. కొనబోయిన తర్వాత తెలిసింది, కొని చూడమని కూడా వాళ్ళు అనవలసిందని!

రెండేళ్ళ కిందట వేసవిలో కె.గంగవరంలో ఒక పెంకుటిల్లు బేరానికి వచ్చింది. కోటిపల్లి రేవు ఆ మండలంలోదే. నాకు వీధి అరుగు నచ్చింది, మా ఆవిడకు పెరట్లో జామచెట్టు నచ్చింది. పదిహేనేళ్ళుగా కూడబెట్టినదీ, బ్యాంకు ఇచ్చే అప్పూ కలిపితే ధర సరిపోతుంది. బయానా ఇద్దామని వెళ్ళినరోజున పక్కింటి పెద్దమ్మగారు దడి అవతలనుంచి పిలిచింది.

"కొనుక్కోండి బాబూ, సంతోషం. కాని ఆ కొబ్బరిచెట్లకి ఇవతల రెండడుగులు మాది. తరవాత నన్ననుకోవద్దు" అంది.

నా గుండె జారిపోయింది. మధ్యవర్తి మాత్రం నవ్వేశాడు. "రిజిస్ట్రీ అయిపోతే ఇంకెవరూ నోరెత్తరండి మాస్టారూ, ఆయ్!" అన్నాడు.

ఈ మాట నమ్మి మునిగినవారు చాలామంది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం దస్తావేజు నమోదు అవుతుందేగాని, రిజిస్ట్రారు వచ్చి గట్టు ఎక్కడుందో చూడడు. ఈసీ తీస్తే నమోదైన అమ్మకాలూ తాకట్లూ కనిపిస్తాయి; దడి జరిగిన సంగతి అందులో వుండదు.

ఇంటికి వచ్చి దస్తావేజు నకలు చదివాను. 1971 నాటిది. విస్తీర్ణం ఎనిమిది సెంట్లు. చెక్కుబందీలో పడమర హద్దు "పక్కవారి కొబ్బరిచెట్లు". అమ్మేవారు ఆ చెట్లదాకా కొలిచి ఎనిమిదింపావు సెంట్లకు ధర చెబుతున్నారు. విస్తీర్ణానికీ హద్దుకూ తేడా వస్తే సాధారణంగా హద్దుకే కోర్టులు విలువ ఇస్తాయి. కనుక వారి వాదన బలమైనదే.

నన్నయభట్టు రచించిన నందంపూడి శాసనం నేను ఏటా క్లాసులో చెబుతాను. నందంపూడి మన కోనసీమలోదే. ఆనాటి దానశాసనాలలో చెట్టూ, చెరువూ, పుట్టా పేరుపెట్టి పొలిమేరలు చెప్పేవారని పిల్లలకు వర్ణించి చెబుతాను. ఆ చెట్టు పడిపోతే హద్దు ఏమవుతుందని మాత్రం ఒక్కనాడూ ఆలోచించలేదు!

సర్వేకు అర్జీ పెట్టించాను. ఇరుపక్కలవారికీ నోటీసులు వెళ్ళాయి. సర్వేయరు వచ్చి కొలిచి, "ఇది గ్రామకంఠం మాస్టారూ. పాత ఎఫ్.ఎం.బి.లో చుట్టూ గీత వుందిగాని, లోపల ఏ ఇల్లు ఎంతవరకో గీయలేదు" అన్నారు. పల్లెల్లో పాత ఇళ్ళకు వచ్చే చిక్కు ఇదే. పొలానికున్నట్టు ఇంటికి కొలతల పటం వుండదు. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన రీసర్వే కూడా ఈ లోటు పూడ్చడానికి వచ్చినదే.

ఇక మిగిలింది పెద్దమ్మగారి కాగితం. అడిగితే రేకుపెట్టె తెరిచి, చీరల అడుగునుంచి తీసి ఇచ్చింది. 1968 నాటి దస్తావేజు. "నూతి గోడనుంచి తూర్పునకు 42 అడుగులు" అని వుంది. నుయ్యి కదలదు గదా! టేపు పట్టాం. చెట్ల వరసకు ఇవతల సరిగ్గా రెండడుగులకు వచ్చి ఆగింది. అక్కణ్ణుంచి మా వైపు కొలిస్తే 58 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడుగు, సెంటు 435.6 చదరపుటడుగులు కనుక, అచ్చంగా ఎనిమిది సెంట్లే.

"మరి చెట్లు అక్కడెందుకున్నాయి, పెద్దమ్మగారూ?"

"1996 నవంబరు తుపాను ఎరుగుదురుగా బాబూ? పాత వరసంతా పడిపోయింది. కొత్త మొక్కలు వేసేటప్పుడు, మీ పెంకులమీద కాయలు పడతాయని మా ఆయన రెండడుగులు లోపలికి జరిగి వేశారు. మంచికి పోతే ఇదిగో, ఇలా అయింది."

అమ్మేవారు తలవంచుకున్నారు. పావు సెంటు ధర తగ్గించారు. కొత్త దస్తావేజులో చెట్ల పేరు ఎత్తకుండా, నూతి గోడనుంచి అడుగుల లెక్కన హద్దు రాయించాను, పటం జతచేయించాను. పెద్దమ్మగారిచేత సాక్షి సంతకం పెట్టించాను. హద్దు రాళ్ళు ఆవిడ ఎదటే పాతించాను. ఆ తర్వాతే డబ్బు చేతులు మారింది.

ఇల్లు కొనబోయే గృహస్థులకు నా మనవి ఒక్కటే. బయానాకు ముందే కొలిపించండి. మీ దస్తావేజుతోబాటు పక్కవారి దస్తావేజు కూడా చదవండి. వాళ్ళ గడప తొక్కడానికి మొహమాటపడకండి. రేపు మీకు జ్వరం వస్తే పలకరించేది వాళ్ళే.

గృహప్రవేశంనాడు పెద్దమ్మగారు నాలుగు కొబ్బరికాయలు పంపించింది. ఇప్పుడు ఆ చెట్లలో ఒకటి పెరిగి మా ఇంటి మీదికి వాలింది. మొన్న ఒక కాయ రాలి రెండు పెంకులు పగిలాయి. ఆవిడకు మేము చెప్పలేదు.