ఫోన్ గ్లాస్‌లో పగులు ఎంత స్పీడుగా వెళ్తుంది? అల్ట్రాసౌండ్‌తో ఇలా కొలిచారు

కర్నూలు, కడప వైపు చాలా ఇళ్లలో నేలంతా కడప బండలే. వాటి మీద ఫోన్ పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? పోయిన ఎండాకాలం నా ఫోన్ అలాగే జేబులోంచి జారింది. మూలలో వెంట్రుకంత గీత. ‘చిన్నదే కదా’ అని వదిలేశా. వానలు మొదలయ్యాక చూస్తే ఆ గీత స్క్రీన్ సగం దాకా వచ్చేసింది. మధ్యలో ఫోన్ మళ్లీ కింద పడింది లేదు. మరి ఎలా పెరిగింది?

ముందు పగులు స్పీడు సంగతి చూద్దాం. మామూలు కిటికీ గాజులో అది సెకనుకు దాదాపు 1500 మీటర్ల దాకా వెళ్తుంది. అంటే గంటకు 5400 కిలోమీటర్లు! 15 సెంటీమీటర్ల గాజును దాటడానికి సెకనులో పదివేలవ వంతు చాలు. 960 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ పెట్టినా లాభం లేదు. రెండు ఫ్రేముల మధ్యలోనే కథ ముగిసిపోతుంది.

అందుకే జర్మనీ శాస్త్రవేత్త ఫ్రాంక్ కెర్కాఫ్ 1953లో వేరే దారి పట్టాడు. పగులును ఫొటో తీయడం కాదు, తన స్పీడును తానే గాజు మీద రాసుకునేలా చేశాడు. ఎలాగంటారా? పగులు ఎప్పుడూ గాజును లాగుతున్న దిక్కుకు అడ్డంగా సాగుతుంది. గాజులోకి అల్ట్రాసౌండ్ పంపితే, ఆ లాగుడు దిక్కు కాస్త అటూ ఇటూ ఊగుతుంది. దాంతో పగులు దారి కూడా ఊగుతుంది. విరిగిన అంచు మీద సన్నటి అలల గుర్తులు మిగులుతాయి. ఏటవాలుగా లైటు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే అవి కనిపిస్తాయి.

తడిసిన నల్లరేగడిలో అడుగుల గుర్తులు చూశారా? అడుగు అడుగుకూ పట్టే టైమ్ ఒకటే అనుకుంటే, గుర్తులు దూరంగా ఉన్నచోట మనిషి వేగంగా పోయినట్టు, దగ్గరగా ఉన్నచోట నెమ్మదిగా పోయినట్టు. ఇక్కడా అంతే. 1 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ అంటే సెకనుకు 10 లక్షల ఊపులు. గుర్తుల మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు ఉంటే స్పీడు సెకనుకు 1500 మీటర్లు. 0.75 ఉంటే 750 మీటర్లు. పగులు ఎక్కడ వేగం పుంజుకుందో, ఎక్కడ తగ్గిందో అంచు చూసి చెప్పేయొచ్చు.

అయితే అన్ని పగుళ్లూ పరుగెత్తవు. కొన్ని పాకుతాయి. గాజులో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల బంధాలుంటాయి. లాగుడుకు గురైన పగులు కొసలోకి నీటి అణువులు చేరితే ఆ బంధాలు తేలిగ్గా తెగుతాయి. అమెరికా శాస్త్రవేత్త షెల్డన్ వీడర్‌హార్న్ 1967లో దీన్ని కొలిచి చూపించాడు. గాజు మీద బలం మారకపోయినా, గాలిలో తేమ పెరిగితే నెమ్మదిగా పాకే పగులు వేగం పెరుగుతుంది. మన పొడి ఎండలో ఓపిక పట్టిన గీత, వానాకాలంలో సాగడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఫోన్ గ్లాస్‌ను వేడికి కరిగిన పొటాషియం ఉప్పులో ముంచి, పైపొరను బిగుతుగా చేస్తారు. చిన్న గీతలు ఆ పొర దగ్గరే ఆగుతాయి. పొరను దాటి లోపలికి దిగిన పగులుకు మాత్రం ఆ రక్షణ లేదు. పైన స్క్రీన్ గార్డ్ వేస్తే గాజు ముక్కలు వేలికి గుచ్చుకోవు గానీ, కింద పగులు ఆగుతుందన్న గ్యారంటీ లేదు.

కాబట్టి వెంట్రుకంత గీతే కదా అని నాలా వదిలేయకండి. అది ఆగినట్టు కనిపిస్తుంది, అంతే.