ఊరొక్కటి - దస్త్రములు పలుచోట్ల

ముమ్మిడివరము కోనసీమలో గౌతమికి చేరువనున్న ఊరు. వరదనీరు, తుపాను, ఉప్పుగాలి ఈ సీమకు చిరపరిచితములు. ఇట్టి తావున కాగితము నూరేండ్లు నిలుచుట సులభము కాదు. అయినను రైతు హక్కును, గ్రామచరిత్రయు ఆ కాగితమునే నమ్ముకొని యున్నవి.

1984 వరకు గ్రామపు లెక్కలు కరణముల చేతిలో నుండెడివి. అడంగళ్ళు, చిట్టాలు అనేక గ్రామములలో కరణముగారి యింటి పెట్టెలోనే దాగియుండెడివి. ఆ యేట కరణీకము రద్దయి, లెక్కలు ప్రభుత్వోద్యోగుల వశమైనవి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను అతలాకుతలము చేసి వేయిమందికి పైగా బలిగొన్నది. అట్టి విపత్తులో ఇంటితోపాటు పత్రములును పోగొట్టుకొన్నవానికి కచ్చేరీలోని ప్రతియే దిక్కు.

ఆ ప్రతి ఎక్కడ దొరకును? ముమ్మిడివరము కదలలేదు, దానిని పాలించిన కచ్చేరీలే మారినవి. 1859లో గోదావరి జిల్లా యేర్పడెను. 1925లో అది తూర్పుగోదావరి యయ్యెను. 1953 వరకు రాజధాని మద్రాసు. 1985లో మండలములు, 2022లో కోనసీమ జిల్లా వచ్చినవి. కావున ఒక్క ఊరి కథకై చెన్నై, కాకినాడ, అమలాపురములలో వెదకవలసి యుండును.

ఈ వెదకులాటకు దారిచూపు సూత్రమొకటి కలదు. గౌతమీతీరమున నున్న యానామును 1954 వరకు ఏలిన ఫ్రెంచివారే దానిని 1841లో తమ దేశమున ఆజ్ఞగా వెలువరించిరి. ఒక కచ్చేరీ దస్త్రములను వేరొకదాని వానితో కలుపరాదనుట దాని సారము. కనుక పరిశోధకుడు "ఈ ఊరు నేడే జిల్లాలో నున్నది?" అని కాక, "ఆనాడు ఈ పని ఏ కచ్చేరీ చేసినది?" అని అడుగవలెను.

భద్రపరచు విధానమును మారినది. పూర్వము దస్త్రములను గుడ్డలో మూటగట్టి వేపాకు వేసెడివారు. పిమ్మట పెళుసుబారిన కాగితమునకు సెల్యులోజు అసిటేటు పొర నతికిరి. నేడు, అవసరమైనపుడు విడదీయ వీలగునట్లు పలుచని కాగితమును పిండిజిగురుతో నతుకుటయే మేలని పలువురి మతము. మైక్రోఫిల్ము, కంప్యూటరు వచ్చినను మూలప్రతిని పారవేయరాదు. సిరా, ముద్ర, కాగితము సైతము సాక్ష్యములే.

పాఠశాలలోని పాత ప్రవేశపు రిజిస్టరు కూడ ఇట్టి దస్త్రమే. పుట్టినతేదీ రుజువునకై ఏనాడో చదివిన వృద్ధుడు వచ్చి అడిగినపుడే దాని విలువ తెలియును. అంతవరకు దానిని చెదలు తినకుండ కాచుట బడివారి పని.