వెనక వచ్చే కారుకూ బ్రేక్ కావాలి

అమెరికా రహదారులపై సెలవుల కాలంలో ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. ముందు బస్సంత మోటార్‌హోమ్. పడక, వంటగది, స్నానాల గది అన్నీ అందులోనే. దాని వెనక ఉక్కు కడ్డీతో తగిలించిన ఒక మామూలు కారు. కారులో ఎవరూ ఉండరు. నాలుగు చక్రాల మీదా దొర్లుతూ పెద్ద బండి వెంట వస్తుంది. మోటార్‌హోమ్‌ను ఒకచోట నిలిపాక, సరుకులు తెచ్చుకోవడానికో చుట్టుపక్కల ఊళ్లు చూడటానికో ఆ కారు పనికొస్తుంది.

ఇంత పెద్ద ఇంజన్‌కు ఒక కారును లాగడం కష్టమేమీ కాదు. చిక్కంతా ఆగడంలో ఉంది. ముందున్న డ్రైవర్ బ్రేక్ తొక్కితే మోటార్‌హోమ్ చక్రాలకే పట్టు పడుతుంది. వెనక కారు సంగతి దానికి తెలియదు. జడత్వం వల్ల అది అదే వేగంతో ముందుకు పోవాలని చూస్తుంది. అందుకే కారుకు విడిగా ‘అనుబంధ బ్రేక్’ అమర్చాలని నిపుణులు చెబుతారు. అమెరికాలో ఈ నిబంధనలు రాష్ట్రానికొక రకంగా ఉన్నాయి. లాగే బండి బరువు 3,000 పౌండ్లు, అంటే దాదాపు 1,360 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకులు ఉండాలని చాలా రాష్ట్రాలు అంటున్నాయి. ఈ నియమం వెనక ఉన్నది బడిలో చదువుకున్న భౌతికశాస్త్రమే.

11 మీటర్ల తేడా

ఒక చిన్న లెక్క చూద్దాం. మోటార్‌హోమ్ బరువు 9,000 కిలోలు, కారు బరువు 1,600 కిలోలు అనుకుందాం. వేగం గంటకు 90 కిలోమీటర్లు, అంటే సెకనుకు 25 మీటర్లు. మోటార్‌హోమ్ ఒక్కటే ఉన్నప్పుడు గట్టిగా బ్రేక్ వేస్తే దాని వేగం ప్రతి సెకనుకూ 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే, బ్రేక్ పడిన చోటు నుంచి 62.5 మీటర్లలో బండి ఆగిపోతుంది. ఇందుకు కావలసిన బలం 45,000 న్యూటన్లు.

ఇప్పుడు కారు తగిలించాం. బ్రేక్ బలం అంతే ఉంది, ఆపాల్సిన ద్రవ్యరాశి మాత్రం 10,600 కిలోలకు పెరిగింది. వేగం తగ్గే రేటు 4.2కు పడిపోతుంది. బండి ఆగడానికి దాదాపు 74 మీటర్లు పడుతుంది. తేడా 11 మీటర్లే కదా అనిపించవచ్చు. అయితే కారు లేకుంటే బండి పూర్తిగా ఆగిపోయి ఉండే ఆ 62.5 మీటర్ల గుర్తు దగ్గర, కారు తగిలించిన బండి ఇంకా గంటకు 35 కిలోమీటర్ల వేగంతో కదులుతూనే ఉంటుంది. అక్కడ రోడ్డు దాటుతున్న మనిషి ఉంటే ఆ తేడా విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

నిజానికి కారు తన ఆగుదలకు కావలసిన సామగ్రిని తన వెంటే తెచ్చుకుంటుంది. దాని బరువు దాని టైర్లపైనే ఉంది. ఆ టైర్లకూ రోడ్డుకూ మధ్య పట్టు ఉంది. బ్రేక్ వేసేవారు లేక ఆ పట్టు వృథా అవుతోంది. అనుబంధ బ్రేక్ ఆ పట్టును పనిలో పెడుతుంది. మోటార్‌హోమ్ తయారీదారులు రెండు బరువు పరిమితులు ఇస్తారు. ఒకటి బండి వరకే, రెండోది బండి, దాని వెనక లాగే వాహనం కలిపి. చాలా మోటార్‌హోమ్‌ల బ్రేకులను మొదటి పరిమితిని దృష్టిలో పెట్టుకునే రూపొందిస్తారు. దానిపైన వచ్చే బరువును ఆపే భారం వెనక బండిదే.

మలుపులో బ్రేక్ వేస్తే సమస్య మరో రూపం తీసుకుంటుంది. పై లెక్కలో కారు మోటార్‌హోమ్‌ను వెనక నుంచి దాదాపు 6,800 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 690 కిలోల బరువుకు సమానంగా నెడుతుంది. తిన్నని దారిలో ఆ నెట్టుడు నేరుగా ముందుకు ఉంటుంది. మలుపులో అది పక్కవాటుగా పడి, మోటార్‌హోమ్ వెనక భాగాన్ని దారి తప్పించబోతుంది. రోడ్డు తడిగా ఉంటే ముప్పు మరీ ఎక్కువ.

దిగుడు దారిలో వేడి

కొలరాడో రాష్ట్రంలో ఇంటర్‌స్టేట్ 70 రహదారి మీద ఐసెన్‌హోవర్ సొరంగం సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి పడమటి వైపు సిల్వర్‌తోర్న్ చేరేలోపు 600 మీటర్లకు పైగా దిగాలి. బ్రేకులు విఫలమైన లారీలు ఎక్కి ఆగేందుకు ఆ దారి పక్కన ప్రత్యేకంగా ఎత్తైన బాటలు వేశారు.

మన జంట బండి 600 మీటర్లు దిగితే విడుదలయ్యే స్థితిజ శక్తి దాదాపు 6.2 కోట్ల జౌళ్లు. 90 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి ఆగితే ఖర్చయ్యేది 33 లక్షల జౌళ్లే. అంటే ఈ ఒక్క దిగుడు 19 సార్లు గట్టిగా ఆగడంతో సమానం. ఇందులో కారు వాటాయే 94 లక్షల జౌళ్లు. ఆ శక్తితో 30 లీటర్లకు పైగా నీటిని మరిగే స్థాయికి తేవచ్చు. గాలి నిరోధం కొంత మింగినా, మిగిలినదంతా ఇంజన్‌లోనో బ్రేకుల్లోనో వేడిగా మారాల్సిందే. బ్రేక్ ప్యాడ్లు మితిమీరి వేడెక్కితే వాటి పట్టు తగ్గుతుంది. బ్రేక్ ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే, తొక్కిన బలం ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది. చక్రాలకు అందదు. అందుకే దిగుడు మొదలవక ముందే తక్కువ గేరులోకి మారి, ఇంజన్‌తోనే వేగాన్ని అదుపు చేయాలి.

ఖాళీ కారులో బ్రేక్ వేసేదెవరు?

అనుబంధ బ్రేకుల్లో ఒక రకం పెట్టెలా ఉంటుంది. డ్రైవర్ సీటు ముందు పెట్టి, దాని చేతిని పెడల్‌కు బిగిస్తారు. మరో రకాన్ని కారులో శాశ్వతంగా అమరుస్తారు. మోటార్‌హోమ్ బ్రేకు ఎంత గట్టిగా పడితే కారుకూ ఆ నిష్పత్తిలోనే పడేవి మెరుగైనవి. ఎప్పుడూ ఒకే బలంతో నొక్కేవి చిన్న బ్రేకుకు ఎక్కువగానూ పెద్ద బ్రేకుకు తక్కువగానూ స్పందించవచ్చు.

బండి వేగం తగ్గుతోందని పెట్టెకు ఎలా తెలుస్తుంది? లోపల త్వరణాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటుంది. బ్రేక్ పడగానే బస్సులో నిలబడ్డవారు ముందుకు తూలినట్టే, అందులోని చిన్న ద్రవ్యరాశి ముందుకు జరుగుతుంది. ఇక్కడొక తిరకాసు ఉంది. దిగుడులో బండి ఒకే వేగంతో పోతున్నా, గురుత్వాకర్షణ వల్ల ఆ ద్రవ్యరాశి ముందుకే జరుగుతుంది. వాలుకూ బ్రేకుకూ తేడా ఆ సెన్సర్ ఒక్కదానికే తెలియదు. ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతకు పునాది వేసిన తుల్యతా సూత్రం ఇక్కడ కారు పెడల్ దగ్గర ఎదురవుతుంది. అందుకే చాలా పరికరాలు మోటార్‌హోమ్ బ్రేక్ లైటు సంకేతాన్ని కూడా చూసుకుంటాయి.

ఇంజన్ ఆపిన కారులో పెడల్‌కు తోడ్పడే వాక్యూమ్ బూస్టర్ ఒకటి రెండుసార్లు తొక్కేసరికి ఖాళీ అవుతుంది. ఆ తర్వాత పెడల్ గట్టిపడుతుంది. కాబట్టి పరికరం ఎక్కువ బలంతో నొక్కాలి, లేదా వాక్యూమ్ అందించే ఏర్పాటు ఉండాలి. పొరపాటున పెడల్ కొద్దిగా నొక్కుకునే ఉండిపోతే ఇంకో ప్రమాదం. పెద్ద ఇంజన్‌కు ఆ లాగుడు తెలియదు. వెనక కారు బ్రేకులు మాత్రం కాలిపోతుంటాయి. అందుకే కారులో బ్రేక్ పడితే డ్రైవర్ ముందు దీపం వెలగడం చాలా అవసరం.

తెగిపోతే?

ఉక్కు కడ్డీ విరిగితే మొదట ఆదుకునేవి, కింద అడ్డంగా దాటించి కట్టిన రెండు గొలుసులు. అవీ తెగితే మోటార్‌హోమ్‌కు కట్టిన సన్నని తీగ ఒక పిన్నును లాగేస్తుంది. వెంటనే కారు బ్రేకులు వాటంతటవే పడతాయి. ఈ ఆలోచన రైళ్లది. 1870ల ఆరంభంలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ రూపొందించిన స్వయంచాలక ఎయిర్ బ్రేకులో గొట్టంలోని గాలి ఒత్తిడి బ్రేకును వదిలి ఉంచుతుంది. బోగీలు విడిపోయి గాలి పోతే బ్రేకు పడుతుంది. మన రైళ్లూ ఇదే సూత్రంతో నడుస్తున్నాయి. ప్రమాదమే బ్రేకు నొక్కేలా చేయడం ఇందులోని తెలివి.

మన రోడ్ల మీద మోటార్‌హోమ్‌లు అరుదు. అయినా ఈ లెక్క మనకూ వర్తిస్తుంది. ధాన్యమో ఇసుకో నింపుకున్న ట్రాలీ తనను లాగే ట్రాక్టర్ కంటే బరువుగా ఉంటుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. మోటార్‌హోమ్ ముందు కారు చిన్నది. ఇక్కడ వెనకున్నదే పెద్దది. చెరువు కట్ట దిగేటప్పుడు ట్రాక్టర్‌ను వెనక నుంచి నెట్టేది ఆ బరువే.

మోటార్‌హోమ్ యజమానులు బయల్దేరే ముందు పాటించాల్సినవి కొన్నే. కారును నాలుగు చక్రాల మీద లాగవచ్చో లేదో దాని మాన్యువల్‌లో చూడాలి. ఇంజన్ తిరిగితేనే నూనె అందే గేర్‌బాక్సులు ఇలా లాగితే పాడవుతాయి. తీగ, గొలుసులు, దీపాలు సరిచూసి, ఖాళీ స్థలంలో మెల్లగా పోతూ ఒకసారి బ్రేక్ వేసి పరీక్షించాలి. కొంత దూరం వెళ్లాక ఆగి, కారు చక్రాల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడాలి. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడెక్కి ఉంటే, కారణం తెలిసేదాకా బండి కదలకూడదు.