లేత్ యంత్రంపై వక్రరూపాల తయారీ

లేత్ యంత్రంపై తిరుగుతున్న లోహపు ముక్కను గోళము, అర్ధగోళము, పిడి, గుండ్రని గాడి వంటి ఆకారాలలోకి తీసుకురావడాన్ని ఫామ్ టర్నింగ్ అంటారు. లేత్‌కు తెలుగులో తరిమెన అనే పాత పేరు ఉన్నది కానీ వర్క్‌షాపులలో అది వినిపించదు. ఐటిఐలలో రెండేళ్ళ టర్నర్ కోర్సు విద్యార్థులు ఈ పనిని నేర్చుకుంటారు.

చేతితో నడిపే లేత్‌లో క్యారేజి టూలును జాబ్ పొడవు వెంబడి, క్రాస్ స్లయిడ్ దానికి అడ్డంగా కదుపుతాయి. రెండూ సరళరేఖలే. వంపు రావాలంటే ఈ రెండు కదలికలూ ఒకేసారి, క్షణక్షణం మారే నిష్పత్తిలో జరగాలి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసే కళాకారులకు ఈ చిక్కు లేదు. ఉలి వారి చేతిలోనే ఉంటుంది, చేయి తిరిగినట్లు వంపు తిరుగుతుంది. ఉక్కును కోసేటప్పుడు పుట్టే బలం చేతికి లొంగేది కాదు కనుక టూలును టూల్ పోస్టులో బిగించక తప్పదు.

పద్ధతులు

చిన్న వంపులకు, కావలసిన ఆకారానికి సానపట్టిన ఫామ్ టూలును నేరుగా జాబ్‌లోకి నెడతారు. టూలు అంచు అంతా ఒకేసారి కోయడం వలన జాబ్ అదిరి గీతలు పడతాయి. అందుచేత వేగం బాగా తగ్గించాలి. గోళాలకైతే టూలును ఒక ఇరుసు చుట్టూ తిప్పే అటాచ్‌మెంటు ఉన్నది. ఇరుసు సరిగ్గా జాబ్ అక్షం కిందికి రావాలి. ఇరుసు నుండి టూలు మొనకు ఉన్న దూరమే గోళపు వ్యాసార్ధం. రెండు చేతులతో రెండు హ్యాండిళ్ళనూ కలిపి తిప్పడం మరొక పద్ధతి. నేర్పరి చేతిలో ఇది త్వరగా సాగుతుంది కానీ ఒకే కొలతతో పది పిడులు చేయడం కష్టం.

మెట్ల పద్ధతి

ప్రత్యేక పరికరాలు లేనప్పుడు లెక్కతో గోళం చేయవచ్చు. వ్యాసార్ధం 20 మి.మీ. అనుకుంటే, కొన నుండి 4 మి.మీ. దూరంలో కేంద్రానికి ఇంకా 16 మి.మీ. ఉంటుంది. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 400 నుండి 256 తీసివేస్తే 144, దాని వర్గమూలం 12. అంటే అక్కడ వ్యాసం 24 మి.మీ. ఇదే విధంగా 8 మి.మీ. వద్ద వ్యాసం 32 మి.మీ. అవుతుంది.

మెట్లు సమాన దూరంలో పెట్టడం సరికాదు. కొన నుండి మొదటి 1 మి.మీ. లోనే వ్యాసం 12.49 మి.మీ.కు చేరుతుంది. నడుము వద్ద చివరి 4 మి.మీ. లో పెరిగేది 0.81 మి.మీ. మాత్రమే. కనుక కొన దగ్గర మెట్లు బాగా దగ్గరగా ఉండాలి. ప్రతి మెట్టును దాని పెద్ద వైపు వ్యాసానికి కోస్తే మెట్ల లోపలి మూలలు కచ్చితంగా గోళంపై ఉంటాయి, అదనపు లోహం బయటే మిగులుతుంది. టూలు మూల పదునుగా ఉంటేనే ఈ లెక్క చెల్లుతుంది. గుండ్రని మొన ఉన్న టూలు వాడితే దాని వ్యాసార్ధాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

నునుపు చేయడం

మెట్లపై నీలిరంగు పూసి, జాబ్ తిరుగుతుండగా ఆకురాయితో అరగదీస్తారు. మూలలలోని రంగు చెరిగిపోబోతున్నప్పుడు ఆపి రేడియస్ గేజితో సరిచూస్తారు. గేజికి, జాబ్‌కు మధ్య వెలుతురు కనిపిస్తే మళ్ళీ పని ఉన్నట్లే. ఆకురాయికి పిడి తప్పక ఉండాలి. తిరుగుతున్న చక్ మీదుగా చేయి పోకుండా పిడిని ఎడమ చేతితో పట్టుకుంటారు. చొక్కా చేతులు మడవాలి. ఎమరీ గుడ్డను వేళ్ళకు చుట్టుకుంటే అది జాబ్‌కు చుట్టుకొని వేళ్ళను లాగేస్తుంది, కాబట్టి దానిని కర్రముక్కకు ఆనించి వాడతారు.