తొలి ఆట మోజు.. గేటు దగ్గరే గండం!

పటమట: పెద్ద హీరో సినిమా వస్తోందంటే ఇక్కడ కేలెండరు చూడనక్కర్లేదు. బందరు రోడ్డు చూస్తే చాలు. రెండు రోజుల ముందే బెంజి సర్కిల్ చుట్టూ బ్యానర్లు లేస్తాయి. ఆటోనగర్ షెడ్లలో స్పానర్లు పట్టే కుర్రాళ్లు, కాలేజీ పిల్లలు తలా ఇంత చందా వేసుకుంటారు. హీరో బొమ్మకు గజమాల, కొబ్బరికాయలు, పాల ప్యాకెట్లు, డప్పులు సిద్ధం. ఆట ఎన్నింటికో ఇంకా ఖాయం కాకపోయినా నిద్ర మాత్రం అప్పటికే ఎగిరిపోతుంది.

ఈ మోజు నిన్నా మొన్నటిది కాదు. విజయవాడలో 1921లోనే పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా హాలు కట్టారు. ఆంధ్ర ప్రాంతంలో తొలి శాశ్వత సినిమా హాలు ఇదేనంటారు. తర్వాత గాంధీనగర్ అంతా హాళ్లు, పంపిణీదారుల ఆఫీసులతో నిండిపోయింది. 1963లో ‘లవకుశ’ వచ్చినప్పుడు పల్లెల నుంచి జనం బళ్లు కట్టుకుని, పిల్లా పాపలతో తరలివచ్చిన సంగతి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక 1977 సంక్రాంతి సంగతి చెప్పనే అక్కర్లేదు. జనవరి 14న ఒకే రోజు రెండు భారతాలు విడుదలయ్యాయి. ఎన్టీఆర్ ‘దాన వీర శూర కర్ణ’ ఒకటి, కృష్ణ ‘కురుక్షేత్రం’ మరొకటి. ఒకరిది ఏటికి ఇవతల నిమ్మకూరు, మరొకరిది అవతల తెనాలి పక్కన బుర్రిపాలెం. ఇద్దరూ కృష్ణా డెల్టా బిడ్డలే. ఊరూరా అభిమానులు రెండు జట్లయ్యారు. కురుక్షేత్రం తెర మీద మొదలు కాకముందే టీకొట్ల దగ్గర జరిగిపోయింది.

అప్పటి క్యూ వేరు

ఆ రోజుల్లో క్యూ అంటే ఇనప కమ్మీల మధ్య సందు. చివర పిడికిలి పట్టేంత కిటికీ. ఒక చేతిలో నలిగిన నోటు, వెనక నుంచి నెట్టుడు, తలల మీదుగా పాకివచ్చే మొనగాళ్లు. చొక్కా చిరిగినా చెప్పు తెగినా టికెట్ దొరికితే చాలు, గెలిచినట్లే. దొరకనివాడికి గేటు పక్కన బ్లాకు ఉండనే ఉంది.

ఆ నెట్టుడుకు ఒక కారణం ఉండేది. ప్రింట్లు తక్కువ. కొత్త సినిమా ముందు పెద్ద ఊళ్లలోనే పడేది. మన ఊరి టూరింగు టాకీస్‌కు వచ్చేదాకా ఆగాలంటే నెలలు గడిచేవి. అందుకే రైలెక్కో, బస్సెక్కో విజయవాడ రావలసి వచ్చేది.

ఇప్పుడా ఇబ్బంది లేదు. విజయవాడలో పడిన బొమ్మే అదే రోజు గుడివాడలోనూ, ఉయ్యూరులోనూ పడుతుంది. టికెట్ ఫోనులోనే తెగుతుంది. సీటు నంబరు కూడా ముందే తెలుస్తుంది. ఎంత ఆలస్యంగా వెళ్లినా ఆ కుర్చీ ఎక్కడికీ పోదు. అయినా ఆటకు రెండు మూడు గంటల ముందే గేటు దగ్గర వందల మంది మూగుతారు. చేతిలో టికెట్ లేనివాళ్లూ అందులో ఉంటారు.

ఎందుకంటే వాళ్లు సీటు కోసం రావడం లేదు. తొలి ఆట గుంపులో తామూ ఉండాలని వస్తున్నారు. తెర మీద హీరో పేరు పడగానే కాగితాలు ఎగరేయాలి. తెల్లారి షెడ్డులో కథ ముందుగా తనే చెప్పాలి. రోజంతా గ్రీజులో మునిగే కుర్రాడిని నలుగురూ చుట్టుముట్టి అడిగేది ఆ ఒక్క పూటే. ఆ సరదాను తప్పు పట్టలేం.

సరదాకు ధర కట్టారు

ఈ ఆత్రాన్ని సినిమా వ్యాపారం బాగానే కనిపెట్టింది. వంద రోజుల లెక్క పోయి మొదటి మూడు రోజుల లెక్క వచ్చింది. ఒకప్పుడు ఏదో మంచి పనికి విరాళం పోగుచేయడానికి వేసిన బెనిఫిట్ షో పేరు మాత్రం మిగిలింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రత్యేక ఆటకు 800 రూపాయలు, పన్ను అదనం. 2025 జనవరిలో ‘గేమ్ చేంజర్’కు 600. అదే ఏడాది సెప్టెంబరులో ‘ఓజీ’కి వెయ్యి. షెడ్డులో హెల్పరు కుర్రాడికి ఇది ఒక రోజు కూలితో తేలే ఖర్చు కాదు.

‘గేమ్ చేంజర్’ కోసం విజయవాడ వజ్రా గ్రౌండ్స్‌లో 256 అడుగుల కటౌటు నిలబెట్టారు. చూడటానికి జనం ఎగబడ్డారు. సినిమా మాత్రం ఆ ఎత్తు అందుకోలేదు.

ప్రాణం మీదికి వస్తే..

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. ‘పుష్ప 2’ ఆడిన ఆ రాత్రే హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర హీరో రాకతో తొక్కిసలాట జరిగింది. కుటుంబంతో సినిమాకు వచ్చిన ఒక తల్లి ప్రాణం పోయింది. ఆమె కొడుకు చావు అంచుల దాకా వెళ్లాడు. హీరో అల్లు అర్జున్‌ను డిసెంబరు 13న అరెస్టు చేయడం, హైకోర్టు మధ్యంతర బెయిలు ఇవ్వడం అందరికీ తెలిసిందే. తప్పెవరిదన్నది కోర్టు తేలుస్తుంది. ఆ ఇంటికి తల్లి మాత్రం తిరిగి రాదు.

అదొక్కటే కాదు. 2020 సెప్టెంబరు 1 రాత్రి కుప్పం ప్రాంతంలో పవన్ కల్యాణ్ పుట్టినరోజు బ్యానరు కడుతూ ముగ్గురు కరెంటుకు బలయ్యారు. 2023 జులైలో నరసరావుపేట దగ్గర సూర్య ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు విద్యార్థులు అలాగే పోయారు. 2025 జనవరి 4న రాజమహేంద్రవరంలో ‘గేమ్ చేంజర్’ వేడుక చూసి బైకు మీద తిరిగి వెళ్తూ ఇద్దరు కుర్రాళ్లు రోడ్డు ప్రమాదంలో మరణించారు.

వీటిని తప్పించడానికి కోట్లు అక్కర్లేదు. టికెట్ ఉన్నవాళ్లనే గేటు దాకా రానివ్వాలి. తలుపులు ముందుగానే తీయాలి. లోపలికి, బయటికి వేర్వేరు దారులుండాలి. హీరో వస్తుంటే ఆ కబురు పోలీసులకు ముందే అందాలి, వాళ్లు వద్దంటే ఆగాలి. కరెంటు తీగల కింద ఇనప చట్రాలతో ఫ్లెక్సీ ఎత్తకూడదు. చంటిపిల్లలతో, స్కూలు పిల్లలతో తొలి ఆటకు రాకపోవడమే మేలు. ఆ సినిమా మర్నాడు పగలు కూడా ఆడుతుంది.

తొలి ఆట రాత్రి పటమట సందుల్లో మేలుకుని ఉండేది అభిమానులే కాదు. గడియ వేయకుండా, బండి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునే అమ్మలూ ఉంటారు. హీరో తెర మీద ఎన్నిసార్లు పడినా లేస్తాడు. గేటు దగ్గర పడిన కుర్రాడికి ఆ అవకాశం లేదు.