కథ వ్రాయు గృహిణి

“నీకు కథలు వ్రాయుటకు తీరిక యెప్పుడు దొరకును?” అని నన్నడుగని చుట్టము లేదు. ఆ ప్రశ్నలో మెచ్చుకోలు సగము, “ఇంటిపని యెవరు చేయుచున్నారో!” యను అనుమానము సగము. పురుషుడు కథ వ్రాసినచో “ఎట్లు వ్రాసితివి?” అని యడుగుదురు. స్త్రీ వ్రాసినచో “ఎప్పుడు వ్రాసితివి?” అని యడుగుదురు. ఈ రెండవ ప్రశ్నకు తగిన సమాధానము నేటివరకు నెవ్వరికిని చెప్పలేకపోయితిని గనుక, ఇచట చెప్పుటకు ప్రయత్నించెదను.

తీరిక దొరకదు. దొరకునని కనిపెట్టుకొని కూర్చున్న గృహిణి కథ వ్రాయలేదు. మా జహీరాబాదు ప్రాంతమున రాత్రి భోజనమునకు జొన్నరొట్టె ముఖ్యము. జొన్నపిండికి గోధుమపిండివలె సాగెడి గుణము లేదు. మరిగిన నీటితో కలిపి, బాగుగా మర్దించి, అరచేతితో తట్టుచు త్రిప్పుచు రొట్టెను పెంచవలెను. ఏమాత్ర మేమరినను అంచు పగులును. చేతులు రెండును పిండిలో నుండును గాని మనస్సు కేమియు పని లేదు. నా కథలలో సగము ఆ పీటయొద్దనే పుట్టినవి. పాత్రల సంభాషణ లన్నియు ఆ చప్పుడుతో గలిసి లోలోపల నడచుచుండును. చివరి రొట్టె పెనము దిగునప్పటికి ఒక ఘట్టము సిద్ధమగును. చేయి కడుగుకొని, పాలలెక్క పుస్తకము వెనుకపుటలో నాలుగు మాటలు గుర్తు వ్రాసికొందును. “దీపము, తలుపు, ఆమె నవ్వలేదు” అని యున్న పుటను జూచి మా పాలవాడు అది తన బాకీకి సంబంధించిన దేదో యనుకొని యొక ఉదయము మిక్కిలి కంగారు పడినాడు.

అసలు వ్రాత రాత్రి తొమ్మిదిన్నర దాటిన తరువాత. మా యింటివారు ఉపాధ్యాయులు. బల్ల కొకప్రక్కన ఆయన పరీక్ష కాగితములు, రెండవప్రక్కన నా కథ. మార్చినెల వచ్చినచో బల్ల యంతయు నాయనదే. నేను వంటయింటి గడపయొద్దకు మారుదును. చేతిఫోనులో తెలుగున మాటలాడిన చాలు, అదే అక్షరములుగ మారునని మా పిల్లవాడు నాకు నేర్పినాడు. సదుపాయము మంచిదే. కాని “ఆగు, వచ్చుచున్నాను” అను నా కేకయు, కూరగాయలవాని బేరమును గూడ నాయిక పలుకులలో జేరిపోవుటచే నేను మరల కలమునే పట్టితిని.

ఇది మన దేశపు స్త్రీలకే వచ్చిన యిబ్బంది కాదు. ఆంగ్లదేశమున జేన్ ఆస్టెన్ ఇంటివారందరు మసలు గదిలోనే చిన్న చిన్న కాగితములపై వ్రాసెడిదనియు, తలుపు కిఱ్ఱుమన్నంతనే వానిని దాచెడిదనియు, అందుచేతనే ఆ తలుపును బాగుచేయింపనీయ లేదనియు ఆమె మేనల్లుడు వ్రాసినాడు. 1811లో అచ్చయిన ఆమె మొదటి నవలపై ఆమె పేరు లేదు. ఒక స్త్రీ వ్రాసినదని మాత్రమే యుండెను. వంగదేశపు ఆశాపూర్ణాదేవి బడి కెన్నడును పోలేదు. అన్నదమ్ములు చదువుకొనుచుండగా ఎదుట కూర్చుండి అక్షరములు నేర్చినది. సంసారము నడుపుకొనుచునే కథలు నవలలు వందలకొలది వ్రాసి, 1976లో ‘ప్రథమ ప్రతిశ్రుతి’ నవలకు జ్ఞానపీఠ పురస్కారము నందిన తొలి స్త్రీ యయ్యెను.

అయినను నా కెప్పుడును తలపునకు వచ్చునది భండారు అచ్చమాంబగారు. మా యూరి నడుమగా 65వ జాతీయ రహదారి పోవుచున్నది. పూనా నుండి షోలాపురము మీదుగా వచ్చి, హైదరాబాదు, బెజవాడ దాటి మచిలీపట్టణమున ముగియును. చెరకు బండ్లును అల్లపు లారీలును ఆ దారిని పోవుచుండగా జూచినప్పుడెల్ల, దాని తూర్పు కొసను 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి బృందావన స్త్రీసమాజమును స్థాపించిన యా యిల్లాలు నాకు జ్ఞాపకము వచ్చును. నందిగామ చేరువనున్న పెనుగంచిప్రోలున 1874లో ఆమె జన్మించెను. పసితనముననే తండ్రి పోయెను. పదియవ యేట వివాహ మయ్యెను. బడిచదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు మధ్యపరగణాలలో తన యింట నుండి చదువుకొనుచుండగా, ఆయన ప్రోత్సాహముతో తెలుగు, హిందీ, మరాఠీ నేర్చెను. కన్న యిద్దరు బిడ్డలును చిన్నతనముననే పోయిరి. ఆ దుఃఖముతో మూలను గూర్చుండక, దేశపు ఉత్తమస్త్రీల చరిత్రముల సేకరించి ‘అబలాసచ్చరిత్ర రత్నమాల’ను 1901లో వెలువరించెను.

1902లో ‘హిందూసుందరి’ పత్రికలో ఆమె వ్రాసిన ‘ధనత్రయోదశి’ యను కథ యచ్చయ్యెను. పేదరికముచే యజమాని సొమ్మున కాశపడిన భర్తను భార్య మందలించి దారికి దెచ్చుట యందలి విషయము. నేడు చదివినచో ఆ యిల్లాలు మరీ యంత తొణకనిదా యని నాకు సందేహము కలుగును. పండుగనాడు పిల్లలకు పెట్టుటకేమియు లేని తల్లి ఒక్క గడియయైన తటపటాయింపదా? అయినను అప్పటికి తెలుగున కథానిక యను ప్రక్రియయే నడక నేర్చుచున్నది. గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910లో వచ్చెను. అదియే తొలి కథయని చాలకాలము బడులలో బోధించిరి. అచ్చమాంబగారి కథలు పాతపత్రికల కట్టలలో నణగియుండి, పరిశోధకులు వెదకి తీసిన తరువాతనే మరల వెలుగు జూచినవి. రోగులకు పరిచర్య చేయుచు తానును రోగము పాలై 1905 జనవరిలో ఆమె కన్ను మూసెను. అప్పటికి ఆమెకు ముప్పదియేండ్లు. నే నిపుడున్న వయస్సును ఆమె చూడనేలేదు. తీరిక లేదని మూలుగవలెనని తోచినప్పుడు నేను ఈ లెక్కను మనస్సులో వేసికొందును.

నాకు కలిగిన మరియొక చిక్కు భాషను గురించినది. నేను మా తాతగారియొద్ద అమరము, భారత భాగవతములు చదువుకొన్నదానను. నా కలమునకు వచ్చునది పుస్తకపు తెలుగు. నా చుట్టునున్న పలుకులు వేరు. బీదరు కూతవేటు దూరములో నున్నది. సంతలో నిలిచినచో ఒక్క బేరమున తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినబడును. “జర ఆగు”, “ఏడికి వోతున్నవ్?”, “పరేషాన్ చెయ్యకు” అను నాడువారిచేత “కించిత్తు నిలువుము” అని పలికించినచో ఆ పాత్ర చచ్చినట్లే. కథనమును నాకు వచ్చిన భాషలో నడపి, సంభాషణలను వారికి విడిచిపెట్టితిని. తిక్కనగారి ద్రౌపదికిని సుధేష్ణకును మాటతీరు వేరువేరుగ నుండుట చదివిన వారికి ఇది వింతగ దోపదు. పాలమూరు ప్రాంతపు బిజినేపల్లిలో పుట్టిన పాకాల యశోదారెడ్డిగారు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవిలో నుండియు, 1973లో ‘మా ఊరి ముచ్చట్లు’ను అచ్చముగ తెలంగాణపు పల్లె పలుకుబడిలోనే ప్రకటించిరి. అంతటి పండితురాలు వెనుదీయనిది నేనేల వెనుదీయుదును? మా పట్టణమునకు సమీపముననే మాచునూరులో 2008 నుండి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారి సంఘం రేడియోను నడిపినవారు సేద్యము చేసికొను పేదస్త్రీలే. విత్తనముల సంగతి, పాటలు, ముచ్చట్లు తమ నోటిమాటలోనే చెప్పిరి. కలము పట్టకుండనే కథ యెంత చక్కగా చెప్పవచ్చునో వారిని విని నేను కొంత నేర్చితిని.

పత్రికల సంగతి క్లుప్తముగ చెప్పెదను. పంపిన కథలలో తిరిగివచ్చునవే హెచ్చు. కొన్నిటికి జవాబే రాదు. 2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు కొన్ని వారపత్రికలు అచ్చు నిలిపివేసినవి. వానితోబాటు మావంటివారి యవకాశములును తరిగినవి. పారితోషికము వచ్చినను గ్యాసుబండ వెలకు సరిపోవుట యరుదు. పేరునకై యందుమా, కేంద్ర సాహిత్య అకాడమీవారు 1955 నుండి పురస్కారము లిచ్చుచుండగా తెలుగు రచయిత్రి కది తొలిసారి దక్కుట 1982లో, ఇల్లిందల సరస్వతీదేవిగారి ‘స్వర్ణకమలాలు’ కథలకు. వింత యేమన, అంతకు బూర్వమే, యద్దనపూడి సులోచనారాణిగారి నవలలకై పాఠకులు వారము వారము కాచుకొని కూర్చున్న రోజులలో, కొందరు పురుషులు స్త్రీల పేర్లు పెట్టుకొని వ్రాసిరి. ఆస్టెను ఆత్మ దీనిని విన్నచో తప్పక నవ్వియుండును.

ఇంతకంటె పెద్ద కష్టము వేరొకటి కలదు. అది మనవారిది. కథ అచ్చయిన మరునాటినుండి “ఆ గయ్యాళి యత్త యెవరు?”, “ఆ త్రాగుబోతు మరిది మా వాడే గదా?” అని విచారణ ప్రారంభమగును. వంట బాగులేదన్నచో ఒక పూటకు బాధ. ఇంటిగుట్టు బజారున బెట్టితివన్నచో ఏండ్లకు బాధ.

మా మామగారి అక్కగారు మాయింటనే యున్నారు. ఎనుబది దాటినవి. అందరును ‘పెద్దత్త’ యందురు. వివాహమైన మూడేండ్లకు ఆమె భర్త బట్టల మిల్లులో పని దొరకునని షోలాపురము వెళ్లి మరల రాలేదు. మరియొక సంసారము పెట్టెనని కొందరు, పోయినాడని కొందరు చెప్పిరి గాని నిజమెవరికిని తెలియదు. తాను ముత్తైదువయో కాదో తెలియకయే ఆమె పుట్టింట జీవితమంతయు గడపెను. గాజులు తీయుమని యొకప్పుడు పెద్దలు చెప్పగా తీయలేదు. ఏటేట సంక్రాంతికి గాజులమ్మి వచ్చినప్పుడు ఆకుపచ్చ గాజులే వేయించుకొనును. ఈ సంగతి నేను కాపురమునకు వచ్చిన నాటినుండి నన్ను వెంటాడుచున్నది. కథగా వ్రాసితిని. ఇంటిలో నిద్దరు ముగ్గురు విని, “అది మా వంశపు మాట. అచ్చునకు పోరాదు” అనిరి. ఒకరు కోపముతో భోజనము మానిరి. ఆ కథ మూడేండ్లు పెట్టెలో నుండెను. ఆ మూడేండ్లలో దాని నెన్నిసార్లో మార్చితిని. ఊరు మార్చితిని, పేరు మార్చితిని, మిల్లును ఓడరేవుగ జేసితిని, పచ్చగాజులను ఎఱ్ఱగాజులు జేసితిని.

ఒకనాటి మధ్యాహ్నము మా యమ్మాయి ఆ కాగితములు తీసి చదువుచుండగా పెద్దత్త “గదేందే?” అని యడిగెను. చదువు రాదు గనుక వినిపింపుమనెను. అమ్మాయి చదివెను. వద్దన్నవారును అప్పుడు అరుగుమీదనే యుండిరి. నేను వంటయింటి గుమ్మమున నిలిచి, చేతిలో నున్న గరిట సంగతియే మరచితిని. కథ ముగిసిన తరువాత పెద్దత్త కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట నన్ను బిలిచి, “పేరు మార్చినవ్, మంచిదే. గాజులెందుకు మార్చినవ్ బిడ్డా? పోయేటప్పుడు గాయన కొనిచ్చినవి పచ్చగాజులు. ఎర్రగాజులంటే గది నేనని ఎట్ల తెలుస్తది?” అనెను.

ఎవ్వరును బదులు చెప్పలేదు. ఆ రాత్రియే గాజుల రంగు సరిచేసి, మిల్లును మరల షోలాపురమునకు జేర్చి, కథను పంపితిని. అది అచ్చయినది. బంధువులలో నొకరు ఏడాదిపాటు నాతో మాటలాడలేదు; ఇప్పటికిని మా యింట మంచినీరు ముట్టరు. ఆ నష్టము నిజమైనదే. పండుగనాడు ఆ విస్తరి ఖాళీగ నున్నప్పుడు నాకు బాధగనే యుండును. తరువాత రెండు ఉత్తరములు వచ్చినవి. అందొకటి కన్నడ సరిహద్దు పల్లెనుండి యొక మనుమరాలు వ్రాసినది. తన యమ్మమ్మయు నిట్లే యెదురుచూచి పోయెనట. ఆమె కథ యెవరును వ్రాయలేదట. ఆ యుత్తరమును పెద్దత్తకు మూడుమార్లు చదివి వినిపింపవలసి వచ్చెను.

పత్రికవారు పంపిన ప్రతి ఆమె దిండుక్రింద నున్నది. తన కథ యున్న పుట యేదో బొమ్మ గుర్తుచే నెరుగును. గాజులవ్యాపారి వచ్చినప్పుడు దానిని తీసి చూపినదని విన్నాను. ఈ మధ్య మరియొక సంగతి చెప్పెదనని నన్ను పిలుచుచున్నది. తన చెలికత్తె యొకతె గురించినదట. పగలు చెప్పదు, ఇంటిలో నందరును నిదురించిన పిమ్మట రమ్మనుచున్నది. పరీక్ష కాగితములు ముగిసి బల్ల ఖాళీ కాగానే పోయి కూర్చుందును.